ఇంటివాళ్ళ కుర్చీ

టీచరు డోరీన్ మెకేబ్ చేతికింద తయారైన పిల్లలెవరూ డిఫెన్స్‌లో ఎన్నడూ తప్పలేదు. అమెరికాలోని పాటకెట్‌లో, నది ఒడ్డునున్న ఆ చిన్న హైస్కూల్లో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. నాలుగేళ్ళు చేసిన పనంతా ఒక ఫైల్లో పెట్టుకుని, నలుగురు పెద్దల ముందు నిలబడి, ఇదీ నేను నేర్చుకున్నది అని ఒప్పిస్తేనే అక్కడ పట్టా చేతికిస్తారు. ఆ పరీక్షనే డిఫెన్స్ అంటారు. మార్కులొక్కటే చాలవు. ఆ పెద్దల పక్కన ఒక కుర్చీ ఇంటివాళ్ళకని వదిలిపెట్టడం ఆ బడి ఆనవాయితీ. ఆఖరి ప్రశ్న ఆ కుర్చీది. ఎవరూ రాకపోతే దాన్ని ఖాళీగానే ఉంచుతారు.

డోరీన్‌కి ఒక కిటుకు తెలుసు. ప్యానెల్లో కూర్చున్నవాళ్ళు పొద్దుట్నుంచీ వినీ వినీ మధ్యాహ్నానికి కునికిపాట్లు పడుతుంటారు. వాళ్ళను నిద్రలేపేది గ్రాఫులు కాదు, కన్నీళ్ళు.

ఈ ఏడు ఆమె దగ్గర తయారవుతున్న నిల్డా బారోస్ మొదట రాసుకొచ్చింది వేరు. నది నీళ్ళలో సీసం ఎంతుందో కొలవబోయి, లెక్క మాటిమాటికీ తప్పి, చివరికి తను నీళ్ళు పట్టే సీసాలు కడిగే పద్ధతిలోనే లోపం ఉందని కనిపెట్టిన వైనం. డోరీన్ చదువుతూ ఆవలింత ఆపుకుంది.

"బాగానే ఉంది తల్లీ. కానీ ఇందులో నువ్వెక్కడున్నావ్?"

"సీసాలు కడిగింది నేనే కదా మిస్!"

"అది కాదమ్మాయ్. నీ కష్టమేదీ? పదో తరగతిలో చాలా రోజులు బడికి రాలేదు కదా, ఎందుకని?"

నిల్డా చెప్పింది. నానమ్మకు పక్షవాతం వచ్చింది. నాన్న అడెలీనో రాత్రంతా చేపల ఫ్యాక్టరీలో చేసి వచ్చి, పగలు ఒళ్ళు తెలియకుండా పడుకునేవాడు. నానమ్మను చూసుకోవడానికి, బడికి సెలవులని నాన్నకు అబద్ధం చెప్పి తనే ఇంట్లో ఉండిపోయింది. సంగతి తెలిసిన రోజు ఆయన ఇంతెత్తున లేచాడు. మర్నాటి నుంచీ మంచం వదిలేసి, తల్లి పక్కన కుర్చీలోనే నిద్రపోయేవాడు, ఆమె కదిలితే మెలకువ వచ్చేలా.

ఆ రెండో సగం డోరీన్‌కి అడ్డొచ్చింది. దాన్ని తీసేసి మొదటి సగానికి పదును పెట్టింది. 'మా నాన్న నన్ను బడి మాన్పించాడు. ఆడపిల్లకు చదువెందుకన్నాడు. అయినా నేను ఆగలేదు.'

"నాన్న అట్లా అన్లేదు మిస్."

"అనకపోవచ్చు. బడెందుకు లేదని నిన్ను అడగనైనా లేదు కదా? కుదించి చెప్తున్నాం, అంతే."

"నాన్న వింటే?"

"వస్తాడా?"

నిల్డా గోళ్ళు చూసుకుంది. "రావొద్దని చెప్తాన్లెండి."

"మంచిది. ఇదిగో, 'ఆడపిల్లకు' అన్న తర్వాత ఆగు. గొంతు పూడుకుపోయినట్టు. ఆ తర్వాత అందుకో."

రిహార్సల్లో ఆటల మాస్టారు చేతిరుమాలు తీశాడు. డోరీన్ లోలోపల మురిసిపోయింది.

అసలు రోజున నిల్డా ఇంకా మొదలుపెట్టకముందే తలుపు తెరుచుకుంది. చర్చికి వేసుకెళ్ళే కోటు తొడుక్కుని, రేకు కాగితం కప్పిన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అడెలీనో లోపలికొచ్చాడు.

"మన్నించాలి, అమ్మాయి రావొద్దంది గానీ ఉండబట్టలేదు. మా సూపర్‌వైజరు ఓ పట్టాన వదల్లేదు. చేప కూరి నూనెలో వేయించిన పస్తేళ్ళండీ. అమ్మాయి పాసయ్యాక తిందామంటే చల్లారిపోతాయ్."

"ముందే లంచమా, బారోస్ గారూ?" అంది ప్యానెల్ పెద్ద మిసెస్ గ్రీర్.

"లంచమైతే ఇంకా పెద్ద పళ్ళెం తెచ్చేవాణ్ణమ్మా."

అందరూ నవ్వారు. ఆయన ఇంటివాళ్ళ కుర్చీలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు.

నిల్డా డోరీన్ వైపు చూసింది. ఏం చెయ్యమంటారన్న చూపు అది. సీసాల సంగతే చెప్పెయ్యమని సైగ చేసినా సరిపోయేది. కానీ సీసాల కథను వాళ్ళు సాధన చెయ్యలేదు. ఇన్నేళ్ళలో లేనిది, తన పిల్ల ఒకతి తప్పితే? డోరీన్ తలూపింది, కానియ్యమన్నట్టు.

నిల్డా కానిచ్చింది. ఆగమన్న చోట ఆగింది. ఈసారి గొంతు నిజంగానే పూడుకుపోయింది.

అడెలీనో ముఖాన నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. తర్వాత తల వంచుకుని, పళ్ళెం మీది రేకు కాగితాన్ని బొటనవేలితో సాపు చెయ్యడం మొదలుపెట్టాడు. మిసెస్ గ్రీర్ కళ్ళజోడు తుడుచుకుంది.

"ఇంటివారి ప్రశ్న," అంది.

ఆయన లేచాడు. "ప్రశ్నేం లేదమ్మా. అమ్మాయి చెప్పింది నిజమే. చదువు విలువ తెలీనివాణ్ణి. నా తప్పుకి దాన్ని ఫెయిల్ చెయ్యకండి."

డోరీన్‌కి చెవులు భగ్గుమన్నాయి. ఆ అబద్ధం ఎందుకు పనికొస్తుందో ఆయనకు వినగానే అర్థమైంది. అర్థమై, దానికింద తన భుజం పెట్టాడు.

"నాన్నా, నువ్వు కూర్చో," అంది నిల్డా. ప్యానెల్ వైపు తిరిగింది. "నాన్న ఆ మాట అన్లేదు. నేనే అబద్ధం చెప్పి బడి ఎగ్గొట్టాను. తెలిశాక, నన్ను బడికి పంపడం కోసం నాన్న కుర్చీలో నిద్రపోయాడు. నానమ్మ పోయేదాకా."

"మరి ఇందాకటివి ఎవరి మాటలు?" అంది మిసెస్ గ్రీర్.

నిల్డా నేల చూపులు చూసింది. డోరీన్ వైపు పొరపాటున కూడా తల తిప్పలేదు. తిప్పినా బాగుండేది.

పిల్లను తయారుచేసిన సలహాదారు టీచరు డిఫెన్స్‌లో నోరు విప్పకూడదన్నది రూలు. డోరీన్ ఆ రూలు చాటున కాసేపు దాక్కుంది. ఆ కాసేపూ ఆ పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది.

"నావి," అంది చివరికి.

వచ్చే వారం నీ మాటలతో మళ్ళీ రమ్మని నిల్డాకు చెప్పి పంపారు. వరండాలో డోరీన్ వాళ్ళకు అడ్డంగా వెళ్ళింది.

"బారోస్ గారూ, నేను..."

"మా అమ్మాయి ఇంట్లో ఎప్పుడూ మీ మాటే చెబుతుంది టీచరమ్మా," అన్నాడాయన నెమ్మదిగా, పళ్ళెం చేతులు మార్చుకుంటూ. తిట్టినా ఆమె నిలబడగలిగేది.

"సీసాల గురించే చెప్తాను మిస్," అంది నిల్డా. "ఈసారి మీరు చూడక్కర్లేదు."

వాళ్ళు మెట్లు దిగకముందే తర్వాతి వంతు పిల్ల షనీస్ పరిగెత్తుకొచ్చింది.

"మిస్, మిస్! అమ్మ మమ్మల్ని వదిలేసి పోయిందన్న చోట ఆగమన్నారు కదా, ఆగి ఏడవనా, వద్దా? మా అమ్మ వచ్చింది మిస్, లోపల కూర్చుంది."

తలుపు అద్దంలోంచి ఇంటివాళ్ళ కుర్చీలో ఒకావిడ జుట్టు సర్దుకోవడం కనిపించింది.

"నీకేం చెప్పాలనుందో అది చెప్పమ్మా," అంది డోరీన్.

షనీస్ బిత్తరపోయింది. "ఇప్పుడా మిస్? నాకు మీరు రాసిందే వచ్చు."

లోపల్నుంచి మిసెస్ గ్రీర్ ఆ పిల్ల పేరు పిలిచింది.