విమల్ ట్రే

"ఉషక్కా, నా ట్రే కూడా ఒక చూపు చూసెయ్యక్కా" అని విమల్ టీకి పోయినాడు. ఆరు నెల్లుగా ఇదే మాట. నేను టీ బ్రేకులో టీ తాగి ఆరు నెల్లయింది.

తిరువళ్ళూరు కంపెనీలో మా పని ఇది. వెంట్రుక మందం ఉండే గాజు తీగ కొసకి నీళ్ళ మాదిరి తేటగా ఉండే రెసిన్ బంక పెట్టాల, గట్టిపడినంక అద్దం మాదిరి అరగదీయాల. రెసిన్‌ని నిదానంగా కలపాల. బిరబిరా కలిపితే బుడగ చేరుతుంది, వెలుతురు సరిగ్గా అవతలికి పోదు. విమల్‌కి నిదానం యాడిది? పన్నెండు కొసల్లో నాలుగు బుడగలు. నేను ఆ నాలుగూ కోసి, మళ్ళీ రెసిన్ పెట్టి, వాని ట్రేలోనే సర్దేస్తా. నేర్పించింది నేనే కదా, పాపం అనుకుంటి.

ఈ అలవాటు నాకు ఇంట్లోనే వచ్చింది. మా ఆయన రఘు ఆదివారం పళ్ళేలు కడుగుతాడు. కడిగినట్టు మా ఊరు కనకమ్మ సత్రం అంతా చెప్తాడు. జిడ్డు అట్లే ఉంటుంది. మా అత్త చెంగమ్మ పెండ్లయిన కొత్తల్లోనే చెప్పింది: "వాడు చేసినాడని మెచ్చుకో. మళ్ళీ కడిగేది మాత్రం వాని కండ్లబడకుండా కడుగు. మొగోడు చిన్నబుచ్చుకుంటాడు." తొమ్మిదేండ్లుగా సోమవారం పొద్దున కంపెనీ బస్సు వచ్చేలోపల అవన్నీ మళ్ళీ కడుగుతానే ఉండా. ఛీ, నా బుద్ధికి!

చెకింగ్ టేబుల్‌కి ఒకర్ని వేస్తారంట. మైక్రోస్కోపు ముందర కూర్చునే పని. మూడేండ్లుగా నాకు దాని మీదే ఆశ. పొద్దున మా సూపర్‌వైజర్ మురళీధరన్ సార్ పిలిచి, "విమల్ ట్రేలో ఒక్క రిజెక్టూ లేదమ్మా. ఈ రోజు ట్రే కూడా చూసి వాణ్ణే వేసేస్తా. నీకు ఇల్లు, బిడ్డ... ఎందుకమ్మా టెన్షన్?" అన్నాడు. రఘుకి ఫోన్ చేసి చెప్తే, "సార్ చెప్పేది కరెక్టే కదే. బంక పూసేదానికి మైక్రోస్కోపెందుకు?" అని నగినాడు. నాకు ఏడుపు రాలే. కోపం వచ్చింది, అదీ నా మీదే.

విమల్ ట్రే ముందరికి లాక్కున్నా. నాలుగు బుడగలు. చెయ్యి దానంతటదే కట్టర్ దిక్కు పోయింది. ఆపినా. ట్రేని ఎట్లుండేది అట్లే తీసుకుపోయి సార్ టేబుల్ మీద పెట్టి, క్యాంటీన్‌కి నడిచినా.

నన్ను చూసి విమల్ లేచి నిలబడినాడు. "అక్కా, నా ట్రే?"

"నువ్వెట్ల చేసినావో అట్లే సార్ దగ్గరుండాది. పో, నాకొక టీ చెప్పు."