తువ్వాలు కింద బేరం

ఆ ఎండాకాలం మొదట్లో కోటేశ్వర్లు చేతిలో ఉన్నవి ఇవి: మార్కాపురం బజారులో పలకల దుకాణం, దాని వెనక సరుకు గది, మాట మీద సరుకు పంపే నలుగురు వర్తకులు, భార్య విశాలాక్షి, ఆమె గర్భసంచిలో పుట్టిన పుండు. ఈ చివరిదాన్ని ఆయన ఎవరికీ తెలియనివ్వలేదు, విశాలాక్షికి కూడా. ‘ఒట్టి బలహీనత, మద్రాసులో కరెంటు పెడితే సర్దుకుంటుంది’ అని చెప్పి ఊరుకున్నాడు. సరుకు గది తలుపు తెరిచి ఉంచడం ఆయనకు ఏనాడూ అలవాటు లేదు. లోపల ఏముందో బయటివాడికి తెలిస్తే ఇక ధర చెప్పేది వాడే అని ఆయన నమ్మకం.

మద్రాసు ఆసుపత్రిలో డాక్టరు కరుణాకరం ఆయన్ని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అది కాన్సరు. ఇంకా ముదరలేదు. కరెంటు అని జనం అనేది నిజానికి కరెంటు కాదు, మిషను లోపల కోబాల్టు అనే లోహం ఉంటుంది, దాని నుంచి వచ్చే కిరణాలు పుండును మాడుస్తాయి. ఆ లోహం బలం ఏటేటా తగ్గిపోతుంది. ఇప్పుడున్నది బాగా నీరసించింది, ఒక్కొక్కరిని రెండింతల సేపు పడుకోబెట్టవలసి వస్తోంది. కొత్తది కెనడా నుంచి రావాలి.

“పాతదానితో మొదలుపెట్టేవాళ్లలో ఆఖరు ఈ పుల్లమ్మ” అన్నాడు డాక్టరు, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని చూపిస్తూ. “ఈమె తరువాత దీని బలం ఇంకొకరికి చాలదు. కొత్తది రాగానే మొదట మీ ఆవిడ. నెల పడుతుంది.”

పుల్లమ్మ వెలిగండ్ల వైపు మనిషి. మొగుడు కాశయ్య గొర్రెలు కాస్తాడు. ఆ వసారాలోనే విశాలాక్షికీ ఆమెకూ మాట కలిసింది. ఒకటే ప్రాంతం, ఒకటే రోగం. నెలే కదా అని కోటేశ్వర్లు ధైర్యంగానే రైలెక్కాడు.

మే నెలలో ఒకరోజు రాజస్థాన్ ఎడారిలో మనవాళ్లు అణు పరికరం పేల్చారని రేడియోలో చెప్పారు. పేరుకు శాంతి కోసం చేసిన పరీక్ష. బజారులో మాత్రం అందరూ బాంబనే అన్నారు. కోటేశ్వర్లు దుకాణం ముందు నిలబడి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ పటికబెల్లం ముక్క పెట్టాడు.

“ఇంక మన మీదికి ఎవుడన్నా వస్తే ఒక్కటేస్తే సరి” అన్నాడు పలకలు స్టేషనుకు తోలే అంకన్న.

“ముందు నీ బండి ఇరుసు చూసుకోరా. అది యాడ పేలుతాదో అని మా పలకలకు భయం” అన్నాడు కోటేశ్వర్లు. అందరూ నవ్వారు. ఆయన మనసారా నవ్వింది ఆ వేసవిలో అదే ఆఖరు.

వారం తిరగకుండానే బడిపంతులు చంద్రశేఖరరావు పేపరు పట్టుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“కెనడావాళ్లు అణు సాయం ఆపినారు కోటేశ్వర్లూ. శాంతికి వాడుకోండని వాళ్లిచ్చిన దాంట్లోనే మనం బాంబు మందు చేసుకున్నామంట. వాళ్ల కోపం అది.”

కోటేశ్వర్లు చేతిలోని పలకను మెల్లగా కింద పెట్టాడు. “ఏమేం ఆపినారు సారూ?”

“అంతా.”

“ఆసుపత్రులకు పంపేది కూడానా?”

“అది రాయలే. ఎందుకు?”

“ఊరికే. మళ్ళా ఇయ్యాలంటే ఏం చేయాలంట?”

“ఏముంది, మన కార్ఖానాలన్నీ తెరిచి చూపియ్యమంటారు. ఇంకోసారి పేల్చబోమని మాటియ్యమంటారు.”

“ఇస్తే పోలేదా?”

పంతులు కళ్లజోడు తీసి ఆయన వైపు వింతగా చూశాడు. “నువ్వేనా ఈ మాట అనేది? నీ సరుకు గది తాళం బేరగాడి చేతికిస్తావా? ఈ పొద్దు చూసిపోతామంటాడు, రేపు అందులో ఏం పెట్టుకోవాల్నో వాడే చెబుతాడు. పక్కన చైనావాడు బాంబు పెట్టుకొని కూచున్నాడు. మన చేయి మనమే కట్టేసుకోమంటావా?”

పంతులు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వారం కిందటైతే ఆ మాట కోటేశ్వర్లే అనేవాడు. ఇప్పుడు మాత్రం ‘ఇస్తాను, తాళమేంది, తలుపులు పీకి ఇస్తాను’ అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. దుకాణానికి ఆనుకున్న ఇంట్లో విశాలాక్షి బియ్యం ఏరుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పోస్టాఫీసుకు పోయి మద్రాసుకు ట్రంకు కాల్ చేశాడు. డాక్టరు గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. కోబాల్టు వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో, తనకెవరూ చెప్పడం లేదన్నాడు. మన దేశంలో తయారైనది దొరుకుతుందేమో కనుక్కుంటున్నానన్నాడు. పుల్లమ్మను సోమవారం నుంచి పడుకోబెడుతున్నామన్నాడు.

“మా మనిషి ఎన్నాళ్లు ఆగగలదు డాక్టరుగారూ?”

“ఆగకుండా ఉంటేనే మంచిది.”

ఆ రోజు నుంచి ఆయన కన్ను భార్య మీదే. ఆమె నడుం పట్టుకుంటే చేతిలో పని ఆపేసేవాడు. ఉతికిన చీరలు తీగమీద ఆరేస్తుంటే దొంగలా వెళ్లి మరకలు చూసేవాడు. అన్నం సగంలో వదిలేస్తే, ఆ సగం అన్నం వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎక్కడో ఎడారిలో లేచిన దుమ్ము తన వంటింట్లో పడుతోందని, అది తనకొక్కడికే కనబడుతోందని అనిపించేది. సరుకు కరువైతే వర్తకుడు చేసే పని ఒకటే. ఉన్నచోట వెతికి, పోటీవాడి కంటే ముందు పట్టుకోవాలి. ఆయనకు అంతకంటే తెలియదు.

కాశయ్యను పిలిపించాడు.

ఆ వైపు సంతల్లో గొర్రెల బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వేలు పట్టుకుంటే ఇంత, నొక్కితే ఇంకా ఇంత, పిడికిలి మూస్తే ఇయ్యను అని. చుట్టూ పదిమంది నిలబడినా ఒక్కడికీ తెలియదు. కోటేశ్వర్లు సరుకు గదిలో పలకల దొంతరల మధ్య కాశయ్యను కూర్చోబెట్టి, తన తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు.

“ఏందన్నా ఇది? నా కాడ అమ్మేదానికి గొర్రెలు లేవే” అన్నాడు కాశయ్య.

“సోమవారం నువ్వు పోవద్దు. పుల్లమ్మ రాకపోతే ఆ వంతు ఖాళీగా పోనియ్యరు. మేం ఆసుపత్రి వాకిట్లోనే ఉంటాం.”

కాశయ్య చెయ్యి బిగుసుకుంది.

“కొత్త మందు వచ్చినాక పుల్లమ్మను నేనే తీసుకుపోతా. రైలు, బస, తిండి అంతా నాదే. తర్లుపాడు కాడ నా బీడు ఉంది, నీ మంద అక్కడే మేపుకో. ఆ పైన...” అని ఒక వేలు పట్టుకున్నాడు.

పిడికిలి మూసుకుంది. కోటేశ్వర్లు ఇంకో వేలు కలిపాడు. గదిలో గాలి లేదు. ఇద్దరి చేతులకూ చెమట పట్టింది.

“మందు రాకపోతేనో?” అన్నాడు కాశయ్య.

“వస్తాది.”

“వస్తాదని నీకు నమ్మకముంటే మా వంతు నీకెందుకన్నా? సాయం చేస్తానంటివి, సరే. చేసే సాయానికి తాడు కట్టి, కొస నీ చేతిలో పెట్టుకుంటివి.”

కోటేశ్వర్లు మూడో వేలు కలిపాడు. కాశయ్య కళ్లు నేలకు వాలాయి. రెండేళ్లుగా వాన సరిగా లేదు, మందలో సగం పోయింది, బీడు అనగానే ఆ మనిషి గుటక వేయడం కోటేశ్వర్లు చూశాడు. పిడికిలి సడలింది. ఒక వేలు తెరుచుకుంది, తరువాత రెండోది. బేరం కుదిరే క్షణం ఎలా ఉంటుందో కోటేశ్వర్లు చేతికి బాగా తెలుసు. తెలిసే భయపడ్డాడు. ఆ తెరుచుకుంటున్నది పుల్లమ్మ ప్రాణం.

విశాలాక్షి మజ్జిగ చెంబుతో వచ్చి గుమ్మంలో ఆగింది. తువ్వాలు వైపు చూసింది.

“గొర్రె యాడుంది?”

ఆమె కాశయ్య వైపు తిరిగింది.

“అన్నా, నువ్వు చెప్పు. దేనికి బేరం?”

కాశయ్య తల వంచుకునే చెప్పాడు. “కరెంటు వంతుకమ్మా.”

ఆమె చెంబు కింద పెట్టి, వంగి, తువ్వాలు లాగేసింది. రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి బయటపడ్డాయి. కోటేశ్వర్లు చప్పున వెనక్కు తీసుకున్నాడు.

“నాకున్నది బలహీనత అంటివే. బలహీనతకు ఇంకొకరి వంతు కొంటారా?”

“విశాలాక్షీ, నీకు తెలీదు...”

“పుల్లమ్మ మద్రాసులోనే చెప్పింది, ఆ వసారాలో కూచునేది ఏ రోగమోళ్లో. నువ్వు చెబుతావేమో అని చూస్తా ఉన్నా. నువ్వు నా చీరలు తిరగేసి చూసేది నాకు కనపడలేదనుకున్నావా?” మళ్లీ కాశయ్య వైపు తిరిగింది. “అన్నా, సోమవారం పుల్లమ్మను తీసుకొని పో. నేనూ వస్తా. నేను ఇంకెన్నాళ్లుంటానో ఆ డాక్టరునే నా నోటితో అడుగుతా.”

కాశయ్య లేచి మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం రైలులో నలుగురూ వెళ్లారు. ఆడవాళ్లిద్దరూ కిటికీ పక్కన, మగవాళ్లిద్దరూ చెరో చివర. మద్రాసులో విశాలాక్షి అడిగింది. డాక్టరు కరుణాకరం ఒకసారి కోటేశ్వర్లు వైపు చూసి, ఆమెకే జవాబిచ్చాడు. ఆగితే పెరుగుతుందన్నాడు. ఎంత వేగంగానో చెప్పలేనన్నాడు. మందు వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. ఆమె తలూపి, పుల్లమ్మను లోపలికి తీసుకువెళ్లే తలుపు దాకా సాగనంపి వచ్చింది.

కొత్త కోబాల్టు వానలు తగ్గాక వచ్చింది. ఏ దేశానిదో డాక్టరు చెప్పలేదు, కోటేశ్వర్లు అడగలేదు. దేశం తన తలుపు మూసుకోవడం మంచిదైందో చెడ్డదైందో తేల్చే తూకం ఆయన దగ్గర లేదు. పంతులు వచ్చి ఆ మాట ఎత్తినప్పుడల్లా సుద్దముక్కలు సర్దుకుంటూ కూర్చునేవాడు.

ఆఖరుకు తేలిన లెక్క ఇది. పుల్లమ్మ వైద్యం పూర్తయి ఇల్లు చేరింది. విశాలాక్షికి కరెంటు పెట్టారు, కానీ ఆగిన నెలల్లో పుండు ఎంత పాకిందో ఏడాది గడిస్తే గానీ చెప్పలేమన్నారు. కాశయ్య బజారులో ఎదురైతే పలకరించడు. వంతు రాలేదు, పోయిన మర్యాద తిరిగి రాలేదు, భయం ఏమీ తరగలేదు. మిగిలిందల్లా ఒకటి. ఇప్పుడు నొప్పి వస్తే విశాలాక్షి, “ఏమయ్యా, ఇక్కడ” అని ఆయన చెయ్యి తీసుకుని చూపిస్తుంది. ఆయన చెయ్యి అక్కడే పెట్టి కూర్చుంటాడు.