నిద్రించిండు

అంద్రెయ గారెల పిండిలో రెండోసారి ఉప్పు వేశాడు. పక్కన ఉల్లిగడ్డలు తరుగుతున్న రాయమల్లు గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఉప్పు ఇందాకనే ఏసినవు గదనే! నీ పానం యాడున్నది?"

"కోర్టుల," అన్నాడు అంద్రెయ.

గోదావరిఖనిలో ఆ గని క్యాంటీన్‌లో అతను ఇరవై తొమ్మిదేళ్లుగా మొదటి షిఫ్టుకు గారెలు వేస్తున్నాడు, చాయ పోస్తున్నాడు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. పొయ్యి ముందు నిలబడి నిలబడి ఎడమ మోకాలు బయటికి వంగిపోయింది. ఇన్నేళ్లలో అతని గురించి కార్మికులు చెప్పుకున్న మాట ఒక్కటే: అంద్రెయ గారెకు చిల్లు పెద్దగ ఉంటది. అలాంటివాడి నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకు అర్థం తేల్చడానికి ఈ రోజు ముగ్గురు చదువుకున్నవాళ్లు కూర్చుంటారట. అతనికి అదంతా అయోమయంగా ఉంది.

రెండేళ్ల కిందట, 2006లో, గట్టయ్య అనే కాంట్రాక్టు కార్మికుడు ఈ క్యాంటీన్ బల్ల మీదే ప్రాణం విడిచాడు. బొగ్గు మోసే బెల్టు కింద రాలినదాన్ని తట్టలకెత్తడం అతని పని. చాయ తాగడానికి వచ్చి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. అప్పుడు అక్కడున్నది అంద్రెయ ఒక్కడే. అందుకే గట్టయ్య భార్య ఐలవ్వ కాంట్రాక్టరు మీద వేసిన పరిహారం కేసులో పోయిన నెల అతన్ని సాక్ష్యానికి పిలిచారు. జడ్జి గారి ముందు, పైగా ఐలవ్వ వింటుండగా, "సచ్చిండు" అనడానికి అతనికి నోరు రాలేదు. "పోయిండు" అంటే ఎక్కడికి పోయాడని అడుగుతారేమోనని భయం. చర్చిలో పెద్దల మరణం గురించి చెప్పే గౌరవమైన మాట గుర్తొచ్చింది. "బల్ల మీద కూసున్నడు సార్. కూసున్నకాన్నే నిద్రించిండు," అన్నాడు.

టైపిస్టు అలాగే కొట్టాడు. కాంట్రాక్టరు వకీలు మొహం వెలిగిపోయింది. పనిలో ఉండగా, పని వల్ల చనిపోతేనే పరిహారం అంటుంది చట్టం. డ్యూటీలో నిద్రపోయేవాడు పనిలో ఉన్నట్టు ఎలా అవుతుంది? సాక్షే చెప్పాడు కదా! కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. పాపం, అంద్రెయ నోరు జారలేదు. కడిగి తుడిచి మరీ మాట్లాడాడు. అదే కొంప ముంచింది.

పది కొట్టగానే గారెల గంప రాయమల్లుకు అప్పజెప్పి, ఆదివారం వేసుకునే తెల్లచొక్కాతో కోర్టుకు వెళ్లాడు. వరండాలో ఐలవ్వ గోడవారగా కూర్చుని ఉంది. నెల రోజులుగా ఆమెను తప్పించుకు తిరుగుతున్నాడు.

"కాకా," అంది ఆమె. "పైసలు వస్తే వస్తయి, లేకుంటే లేదు. బెల్టుకాడోళ్లు మా ఆయనను నిద్రపోతు గట్టయ్య అంటున్నరు. ఒక్కనాడు నాగా పెట్టని మనిషాయె. గా మాట తీసేయించు."

"తీసేయిస్త బిడ్డా," అన్నాడు గానీ, టైపైన మాటను ఎలా తీస్తారో అతనికి తెలియదు.

లోపల ఐలవ్వ వకీలు సంధ్యారాణి లేచింది. క్రైస్తవులు మరణాన్ని ప్రభువునందు నిద్రించడం అంటారని, సాక్షి మాటను సాక్షి వాడుకలోనే అర్థం చేసుకోవాలని చెప్పింది. మాటకు మామూలు అర్థమే తీసుకోవాలన్నాడు కాంట్రాక్టరు వకీలు.

"మామూలు అంటే ఎవరికి మామూలు?" అని జడ్జి గారు అడిగారు.

వకీలు బోనులో ఉన్న అంద్రెయవైపు తిరిగాడు. "గట్టయ్య మీ మతస్తుడా?"

"కాదు సార్. మల్లన్నకు మొక్కేటోడు."

"మరి ప్రభువునందు ఎలా నిద్రిస్తాడయ్యా?"

అంద్రెయకు తల తిరిగిపోయింది. ఇది పాస్టరు గారిని అడగాల్సిన ప్రశ్న, తననెందుకు అడుగుతున్నారు? ప్రభువునందు కాదంటే గట్టయ్యను నిద్రపోతును చేసినట్టే. నిద్రించాడంటే చర్చిలో ఎవరు ఏమంటారో!

"మంచోడు సార్," అన్నాడు చివరికి. "అందుకే గట్ల అన్న."

వెనక ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. "మతం సంగతి వదిలెయ్. ఆ రోజు నీ కళ్లతో చూసింది చెప్పు. నిద్రపోయాడా, చనిపోయాడా?"

అంద్రెయ ఐలవ్వవైపు చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

"సచ్చిపోయిండు సార్."

అనగానే అతనికే దుఃఖం పొంగుకొచ్చింది. ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిద్ర కాదని నీకెలా తెలుసు?" అని జడ్జి గారే మళ్లీ అడిగారు.

"ఇరవై తొమ్మిదేండ్లాయె సార్ చాయ పోయవట్టి. కునుకు తీసేటోళ్లను మస్తు మందిని సూసిన. చాయ తాగినంకనే పండుకుంటరు. గట్టయ్య 'చాయ జల్ది పొయ్యే, బెల్టు ఆపిన్రు, మళ్ల చాలు జేస్తరు, పోవాలె' అన్నడు. పోసిన. ఒక్క గుక్క తాగి గోడకు ఒరిగిండు. 'గట్టయ్యా, బెల్టు నడుస్తున్నదిరా' అన్న. లేవలే."

జడ్జి గారు నెమ్మదిగా చెబుతుంటే టైపిస్టు కొట్టాడు. నిద్రించాడు అంటే మరణించాడనే సాక్షి ఉద్దేశం. మృతుడు తిరిగి పనికి వెళ్లే తొందరలో ఉన్నాడు. తీర్పు తర్వాత చెబుతారట. నిద్రపోతు అన్న పేరుకు మాత్రం ఆ కాగితం మీద ఆధారం లేకుండా పోయింది. టైపు చప్పుడు వింటుంటే గట్టయ్య మళ్లీ ఇప్పుడే పోతున్నట్టనిపించి అంద్రెయ బోను కర్రను గట్టిగా పట్టుకున్నాడు.

బయట వరండాలో ఐలవ్వ అతని దగ్గరికి వచ్చింది.

"ఒక్క గుక్కనే తాగిండా కాకా?"

"ఒక్కటే బిడ్డా."

"మిగిలింది పారబోసినవా?"

అంద్రెయ తల అడ్డంగా ఊపాడు. అంబులెన్సు వచ్చింది, పోయింది. రెండో షిఫ్టువాళ్లు వచ్చారు. అతనికి ఆ బల్ల తుడవడానికి చేతులు రాలేదు. సాయంత్రం దాకా దాని మీద గాజు గ్లాసు అలాగే ఉంది, చుట్టూ బొగ్గు వేళ్ల ముద్రలతో, పైన మీగడ కట్టిన చాయతో.