తొమ్మిది నిమిషాల పాట

ఇబ్రహీం నాలుగో మైకును నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపిరి వదిలాడు. అందరిలా హలో అనడం, అంకెలు లెక్కపెట్టడం ఆయనకు అలవాటు లేదు. ఊపిరి వినిపించిన మైకులో మాట ఎలాగూ వినిపిస్తుందంటాడు. నాలుగోది గరగరమంది. దాన్ని విప్పి, లోపల తెగిన సన్న తీగను సీసం కరిగించి అతికించాడు. కాలిన వేలిని చెవి తమ్మెకు ఆనించుకుని చల్లార్చుకుని మళ్ళీ ఊదాడు. ఈసారి ఊపిరి శుభ్రంగా పలికింది.

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన, పంచర్ల దుకాణానికీ ఇనుప సామాన్ల కొట్టుకూ మధ్యనున్న శంకరయ్య సౌండ్ సర్వీసులో ఆయనకిది ఇరవై మూడో ఏడు. పెళ్ళిళ్ళు, దర్గా ఉర్సులు, భజనలు, ఎన్నికల సభలు, చావు మీద చదివే సంతాప తీర్మానాలు, అన్నీ ఆయన చేతి మీదుగానే నాలుగు మండలాల చెవుల్లోకి వెళ్ళాయి. సన్నటి మనిషి. గోరింటాకు పెట్టిన పొట్టి గడ్డం. స్పీకరు పెట్టెలు మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. వయసులో ఉండగా జూరాల ఆనకట్ట పనిలో రెండేళ్ళపాటు రాళ్ళకు బెజ్జాలు వేసే మిషన్ పట్టాడు. ఆ మిషన్ ఎడమ చెవిని దాదాపు తినేసింది. అందుకే ఎవరు పిలిచినా ముందు తల కొంచెం ఎడమకు తిప్పి, కుడి చెవిని వాళ్ళకు అప్పగిస్తాడు. ఒంటి చెవితో సౌండ్ పని చేసేవాడు జిల్లా మొత్తంలో ఆయనొక్కడే. ఆ సంగతి తెలిసినవాళ్ళు కూడా తక్కువే.

ఎనిమిది గంటలకు టెంపో వచ్చింది. పెట్టెలు ఎక్కించాక భార్య హలీమాబీ జొన్నరొట్టెల మూట తెచ్చిచ్చింది. ఎండలో నిలబడొద్దని చెప్పి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ మాట చెబుతూనే ఉంది, ఆయన ఎండలో నిలబడుతూనే ఉన్నాడు.

టెంపోలో వెనక ముగ్గురు కూర్చున్నారు. పాడుతూ గిటారు వాయించే మధు సెల్ టవర్ల దగ్గర పనిచేస్తాడు. సామ్యూల్ చర్చిలో గిటారు నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఒక బడిలో లెక్కల సారు. డ్రమ్ములు వాయించే హమ్జాకు వనపర్తిలో స్కూటర్ల మెకానిక్ షాపుంది. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు ముగ్గురూ కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. ఈ నేల నిండా దొరికే తెల్ల రాళ్ళ పేరే దానికి పెట్టారు, పలుగురాళ్ళు. మొదటి ప్రోగ్రాము నుంచీ వాళ్ళకు సౌండు పెట్టేది వాళ్ళు చిచ్చా అని పిలిచే ఇబ్రహీమే. ఏడేళ్ళుగా వాళ్ళది ఒకటే దారి. సినిమా పాట వాయించరు. గిటారు తీగలు కరకరమని ఏడుస్తాయి, డ్రమ్ము ఎక్కడ ఆగుతుందో ఎక్కడ మొదలవుతుందో తెలియదు, పాట మధ్యలో మాటలు ఆగిపోయి వట్టి చప్పుడు మిగులుతుంది. వినడానికి వచ్చేవాళ్ళు నలభై మంది. ఏడేళ్ళ తర్వాత కూడా దాదాపు ఆ నలభై మందే.

నిరుడు ఒక కాలేజీ వార్షికోత్సవంలో రెండో పాటకే పిల్లలు లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మధు మూడు నెలలు గిటారు ముట్టలేదు. ముట్టాక కొత్త పాటలు కట్టాడు. ఒక్కొక్కటి మూడు నిమిషాలు. ఒకసారి వింటే నోటికొచ్చే వరుస, చప్పట్లు, కీబోర్డు. కరకరలాడే గిటారును సామ్యూల్ పక్కనపెట్టి కీబోర్డు వాయించాలి. ఈరోజు గద్వాలలో ఒక యువజన సంఘం సభలో ఆ పాటలు మొదటిసారి జనం ముందుకు రాబోతున్నాయి. సామ్యూల్ ముఖం పొద్దుటి నుంచీ ముడుచుకునే ఉంది. ఇదే తన ఆఖరి ప్రోగ్రామని హమ్జాతో ముందే చెప్పేశాడు.

ఆత్మకూరు దాటాక వెనక మాటలు పెరిగాయి. ఏడేళ్ళు కష్టపడి కట్టిన దాన్ని లగ్గం బాజా చేస్తున్నావని సామ్యూల్ అన్నాడు. ఎవరికీ అర్థంకాని దాన్ని ఎన్నేళ్ళు వాయిస్తామని మధు అడిగాడు. డ్రైవరు పక్కన కూర్చున్న ఇబ్రహీం కుడి చెవి కిటికీ వైపు కాక లోపలి వైపే ఉంది. అందుకే మధు గొంతు తగ్గించి అన్న మాట కూడా స్పష్టంగా వినబడింది.

"మన చిచ్చానే చూడు. ఏడేండ్లసంది మనెంబడి తిరుగుతుండు. ఒక్క పాటన్న సమజయ్యి ఉంటదా? గసొంటోళ్ళకు గూడ చేరాలె గదరా."

టెంపో జూరాల ఆనకట్ట మీదికి ఎక్కింది. ఒకవైపు నిండుగా నీళ్ళు, ఇంకోవైపు వట్టి బండలు. ఆ బండల్లో ఇబ్రహీం బెజ్జం వేసినవి ఎన్నో ఉన్నాయి. ఎప్పుడు ఈ దారిన పోయినా ఆ బండల వంక చూసేవాడు. ఈసారి తన చేతుల వంక చూసుకున్నాడు.

గద్వాలలో మైదానం చేరేసరికి పదకొండు దాటింది. స్తంభాలకు తాళ్ళు కట్టి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎత్తి, తీగలు జనం కాళ్ళకు తగలకుండా మట్టిలో పూడ్చి, సౌండు మీటలుండే మిక్సర్‌ను వేదికకు ఎదురుగా ఒక బల్ల మీద సర్దేసరికి రెండయింది. రొట్టె తిని, నీళ్ళు తాగి, తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. అప్పుడు సౌండు సరిచూడటానికి ముగ్గురూ వేదిక ఎక్కారు.

ప్రతి ప్రోగ్రాముకూ ముందు జరిగేది ఒక్కటే. ఇబ్రహీం కింద నుంచి చెయ్యెత్తి, "బొంబాయి బస్సు కొట్టుండ్రి, పెట్టెలు సదురుకుంటయి" అంటాడు. బొంబాయి బస్సు వాళ్ళ పాటల్లో అన్నిటికన్నా పొడవైనది, అన్నిటికన్నా మొరటుది. పాలమూరు నుంచి కూలికి పోయేవాళ్ళ బస్సు మీద కట్టిన తొమ్మిది నిమిషాల పాట అది. అందులో మొదటి నాలుగు నిమిషాలు మాటే ఉండదు. హెచ్చు సౌండూ తగ్గు సౌండూ రెండూ ఉన్నాయి కనుక పెట్టెలు సరిచూడటానికి అదే మంచిదని ఆయన మొదట్లోనే చెప్పాడు. వాళ్ళు నమ్మారు. జనం ముందు వాయించడం మానేసిన రోజుల్లో కూడా సౌండు సరిచూసేటప్పుడు మాత్రం దాన్ని వాయిస్తూనే వచ్చారు.

ఈరోజు కూడా చెయ్యెత్తాడు. మధు అడ్డంగా తల ఊపాడు. ఇక ఆ పాట అవసరం లేదని, కొత్త పాటతోనే సరిచూడమని మైకులోనే చెప్పాడు. పెట్టెలు కొత్తగా బిగించినవని, బరువు చప్పుడు లేకుండా తెలియదని ఇబ్రహీం అన్నాడు. పెట్టెలు పాతవేననీ, పోయిన వారమే వాటిని విని చూశామనీ సామ్యూల్ గుర్తుచేశాడు. ఇబ్రహీం ఇంకో కారణం వెతుక్కున్నాడు. దొరకలేదు. మిక్సర్ వదిలి, వేదిక దాకా నడిచి, తల ఎత్తి నిలబడ్డాడు.

"పెట్టెల కోసం కాదు బేటా. నా కోసం."

ముగ్గురూ ఆయన వైపు చూశారు.

"ఏడేండ్లసంది అబద్ధం చెప్తున్న. గా పాట నాకు కావాలె, గంతే. ఇరవై మూడేండ్లల్ల ఎన్ని పాటలు ఇన్ననో అల్లాకు తెల్సు. అన్నీ తియ్యగుంటయి. ఆ డ్యాముల మిషన్ పట్టుకోని ఒణుకుతుంటి సూడు, ఆ చప్పుడు ఏ పాటల లేదు. మీ పాటల ఉన్నది. మొదటిసారి ఇన్న దినం ఇంటికి పొయ్యి హలీమాకు చెప్పిన, నా పాట ఎవరో కట్టిండ్రని."

మధు వేదిక అంచున కూర్చున్నాడు. "మరి ఎన్నడు చెప్పలే, చిచ్చా?"

"ఎన్నడు అడగలే."

అందులో నిష్ఠూరం లేదు. వర్షం పడలేదు అన్నట్టుగా అన్నాడు. అయినా మధు తల వంచుకున్నాడు. పొద్దున టెంపోలో తాను అన్న మాట ఎవరి చెవిన పడిందో అతనికి అప్పుడు తెలిసింది. కాసేపటికి లేచి గిటారు భుజాన వేసుకున్నాడు. సామ్యూల్ కీబోర్డు వదిలి, అట్టడుగున పడేసిన పాత గిటారును పెట్టెలోంచి తీశాడు.

మిట్టమధ్యాహ్నం దాటిన ఎండలో, ఖాళీ కుర్చీల ముందు, తొమ్మిది నిమిషాలూ వాయించారు. ఇబ్రహీం మిక్సర్ దగ్గర నిలబడ్డాడే గాని దాన్ని ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, కుడి చెవి వేదికకు ఇచ్చి, రెండు చేతులూ ముందుకు చాచి, కనబడని మిషన్ ఏదో పట్టుకున్నట్టు వేళ్ళు బిగించాడు. అయిదో నిమిషంలో మాట మొదలైనప్పుడు ఆయన పెదవులు కదిలాయి. ఒక్క ముక్క పోకుండా పాట మొత్తం ఆయనకు వచ్చు.

పాట ఆగాక మధు కిందికి దిగివచ్చాడు. కొత్తవన్నీ ఆపేద్దామని, సాయంత్రం పాతవే వాయిద్దామని అన్నాడు. సామ్యూల్ కూడా దిగివచ్చి పక్కన నిలబడ్డాడు. తాను కోరుకున్నదీ అదే. ఇప్పుడు దాన్ని ఇబ్రహీం నోటి నుంచి వినాలనుకున్నాడు.

ఇబ్రహీం మిక్సర్ మీది దుమ్మును తువ్వాలుతో తుడిచి, తీరుబడిగా చెప్పాడు. "నేనొక్కణ్ణే ఊరు గాదు. ఆ కొత్త పాట, జర ఆగు అని పాడేది, పోయిన వారం ప్రాక్టీసుల దాన్ని గూడ ఇన్న. పాతది బస్సు లోపలున్నోని పాట. గిది బస్సు కింద నిలవడి చెయ్యి ఊపే ఆడమనిషి పాట. రెండూ ఒక్క బస్సుకే గదా. పాడుండ్రి. కాని మాసొంటోళ్ళకు సమజ్ గాదని మాత్రం మార్చకుండ్రి. మీకు పాడబుద్ధయితే మార్చుండ్రి."

సామ్యూల్ నేల చూస్తూ ఒప్పుకున్నాడు. "నాకు పాడబుద్ధయితుంది చిచ్చా. ఆ కీబోర్డు వరుస నేను కట్టిందే. మంచిగ ఒచ్చిందని చెప్పనీకి సిగ్గయింది." హమ్జా నవ్వాపుకోలేకపోయాడు. పొద్దుటి నుంచీ ముడుచుకున్న సామ్యూల్ ముఖం అప్పుడు విప్పారింది.

సాయంత్రం అయిదింటికి జనం వచ్చారు. ఆరు వందలకు తక్కువ లేరు. మొదటి పాట సగంలోనే ఇబ్రహీం మిక్సర్ వదిలి మైదానం చివరికి నడిచాడు. ముందు వరుసలో బాగా వినిపించడం పెద్ద పని కాదు, కడాఖరున నిలబడ్డవాడికి మాట అందాలి. అక్కడ జంగమ్మ అనే ఆమె సీతాఫలాల బుట్ట ముందు కూర్చుని ఉంది. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని విన్నాడు. చప్పట్లు మాటలను మింగేస్తున్నాయి. కీబోర్డు తియ్యగా ఉంది గాని మరీ ముందుకొచ్చి మధు గొంతును పక్కకు నెడుతోంది. గబగబా వెనక్కి వచ్చి, ఒక మీటను గోరు మందం తగ్గించాడు, ఇంకోదాన్ని రెండు గోళ్ళ మందం పెంచాడు. మళ్ళీ చివరికి నడిచాడు. అలా ఏడుసార్లు తిరిగాడు.

మూడో పాట జర ఆగు. చరణం దగ్గర ఆయన మిగతావన్నీ మెల్లమెల్లగా కిందికి దించేశాడు. మధు గొంతు ఒక్కటే మైదానం మీద నిలబడింది. ముందుగా రాసుకున్న ఏ కాగితంలోనూ లేని పని అది. మధు ఒక్క క్షణం తడబడి, కింద మిక్సర్ దగ్గరున్న మనిషిని చూసి, ధైర్యంగా ఒంటరిగా పాడుతూ పోయాడు. అప్పుడు జనం అందుకున్నారు. మొదట ఆడవాళ్ళ వైపు నుంచి, తర్వాత అన్ని వైపుల నుంచీ. సామ్యూల్ కీబోర్డు మీద చేతులు ఉంచి వాయించడం మరిచిపోయాడు. జంగమ్మ కూడా బుట్ట మీద ఈగలు తోలుతూ జర ఆగు అన్న ఆ రెండు మాటలే అంటోంది. మళ్ళీ చివరికి నడిచివచ్చిన ఇబ్రహీంను, ఈ పిలగాండ్లు ఎవరని ఆమె అడిగింది.

"మా పిల్లలే," అన్నాడు ఇబ్రహీం.

దీపాలు పెట్టే వేళకు సభ ముగిసింది. సంఘం వాళ్ళు ముగ్గురికీ శాలువాలు కప్పారు. మధు మైకు తీసుకుని నాలుగో శాలువా అడగబోయాడు గాని, అప్పటికి ఇబ్రహీం స్తంభం ఎక్కి తాళ్ళు విప్పుతున్నాడు.

ఆ తర్వాత పదకొండో రోజు శుక్రవారం. జుమా నమాజుకు మసీదులో వుజూ చేస్తూ, రెండో చెయ్యి కడుక్కుంటూ ఇబ్రహీం పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. యాభై ఆరేళ్ళు. ఖబరస్తాన్‌కు ముగ్గురూ వచ్చి తలో పిడికెడు మట్టి వేశారు. ఆరోజు ఏ మైకూ పెట్టలేదు. జనాజా నమాజు ఇమాం గొంతుతోనే జరిగింది, చివరి వరుసలో నిలబడ్డ మధుకు కూడా ప్రతి మాటా వినిపించింది.

వారం తర్వాత అయిజలో ప్రోగ్రాము. గద్వాల సభ సంగతి విని పిలిచారు. సామ్యూల్ వెళ్ళిపోలేదు, కీబోర్డూ పాత గిటారూ రెండూ తెచ్చాడు. మిక్సర్ దగ్గర కూర్చోవడానికి మనిషి ఇంకా దొరకలేదు. దాన్ని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఏ మీట ఎంత ఎత్తాలో తెలియక సామ్యూల్ వంగి చూశాడు. ప్రతి మీట పక్కనా గోళ్ళ రంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి అరిగిపోయింది. మీటలన్నీ ఆ చుక్కల దగ్గరకు జరిపితే బొంబాయి బస్సు సౌండు వస్తుందని అతనికి అర్థమైంది. ఆ ఎర్ర చుక్కలకు, గద్వాలలో కొత్త పాటలకు జరిపినట్టే, గోరు మందం కిందా రెండు గోళ్ళ మందం పైనా, ఇంకా మెరుపు తగ్గని వెండిరంగు చుక్కలు వరసగా ఉన్నాయి.