పరుగుకు ముందు ఊపిరి

ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఉన్నచోటు నుంచి కదలకుండా పరిగెత్తి బతికింది. తెర మీద ఏ నాయిక రైలు వెంట పడినా, ఏ అమ్మాయి దొంగకు భయపడి సందుల్లో పరుగెత్తినా, ఆ రొప్పు మాత్రం ఈవిడదే. డబ్బింగ్ గదిలోకి వెళ్లగానే గాజులు తీసి పక్కన పెట్టేది. మైకు ముందు నిటారుగా నిలబడి, పాదం కూడా కదపకుండా ఎంత దూరమైనా పరిగెత్తేసేది. స్టూడియోలో అందరూ రొప్పులక్క అని పిలిచేవారు. పైకి మూతి ముడుచుకునేది గానీ, ఆ పేరంటే ఆవిడకు లోలోపల బోలెడంత గర్వం.

అలాంటి మనిషితో నిన్నగాక మొన్న వచ్చిన దర్శకుడు ఓ మాట అన్నాడు.

"అక్కా, మీరు రొప్పుతున్నారు గానీ పరిగెత్తట్లేదు."

ఆ సీనులో కూతురు మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి, పై అంతస్తులో తల్లి గది ముందు "అమ్మా, తలుపు తీయొద్దు, కింద ఉన్నది అన్నయ్య కాదు!" అని అరవాలి. రొప్పులక్క నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ అతను తల అడ్డంగా ఊపాడు. రేపు ఇంకో అమ్మాయిని కూడా పిలుస్తున్నాననీ, ఎవరిది బాగుంటే వాళ్ల గొంతే ఉంచుతాననీ మెల్లగా చెప్పాడు. కూతురి వేషం వేసిన నటికి మొదటి సినిమా నుంచీ గొంతు ఈవిడే. ఈ సీను చేజారితే తర్వాతి సినిమాలూ చేజారినట్టే. రొప్పులక్కకు తల కొట్టేసినట్టయింది.

తిన్నగా వదిన ఇంటికి వెళ్లింది. వదినంటే అన్నగారి భార్య, బడిలో ఆటల టీచరు. మెడలో ఈల లేకపోతే ఆవిడకు నగ వేసుకోనట్టే ఉంటుంది.

"ఏదీ, ఓసారి రొప్పి చూపించు," అంది వదిన సంగతంతా విని.

రొప్పులక్క సీనులోలాగే రొప్పి, డైలాగు చెప్పింది. వదిన పగలబడి నవ్వింది.

"మొదటి మెట్టు మీద ఎంత రొప్పావో ఆఖరి మెట్టు మీదా అంతే రొప్పుతున్నావు. పైగా డైలాగంతా ఒక్క ఊపిరిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశావు. ఏ పిల్లయినా అలా రొప్పుతూ వస్తే, నిజంగా పరిగెత్తలేదని కనిపెట్టేస్తాను."

"మరెలా ఉంటుంది వదినా?"

"నన్నడుగుతావేం? నీకు కాళ్లు లేవా? పద."

ఇద్దరూ వదిన ఫ్లాటు ఉన్న భవనం మెట్ల దగ్గరికి వెళ్లారు. లిఫ్టు ముందు నిలబడ్డవాళ్లు వింతగా చూశారు. గుండెల్లో పట్టేసినట్టుంటే అక్కడే ఆగిపోవాలని వదిన గట్టిగా చెప్పింది. మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోవడం నేర్పింది. రొప్పులక్క వేళ్లు పెట్టి ఉలిక్కిపడింది.

"ఇదేమిటి వదినా, ఇంకా ఒక్క మెట్టూ ఎక్కలేదు, అప్పుడే కొట్టేసుకుంటోంది!"

"దానికి తెలుసే నువ్వు ఎక్కబోతున్నావని. పందెం రోజున మా పిల్లలకూ ఇంతే, ఈల వెయ్యకముందే దడదడ."

ముందు నెమ్మదిగా ఎక్కారు. వదిన ఆవిడ చేత కబుర్లు చెప్పించింది. ఆడపడుచుల పేరాశలు, పక్కింటివాళ్ల గొడవలు, అన్నీ సాఫీగానే సాగాయి. రొప్పు లేదు సరికదా, ఊపిరి వేగమూ పెద్దగా పెరగలేదు. పెరిగిందల్లా లోతు. పొట్ట దాకా గాలి దిగుతోంది, పక్కటెముకలు విచ్చుకుంటున్నాయి. వేళ్ల కింద గుండె మాత్రం అడుగులు జోరెక్కేకొద్దీ తానూ జోరెక్కుతోంది.

"ఇప్పుడు పరిగెత్తు!"

రెండు అంతస్తులు దాటేసరికి ముక్కు చాలక నోరు తెరుచుకుంది. మూడోది ఎక్కుతుంటే ఉన్నట్టుండి ఊపిరి పట్టు తప్పింది. ఆడపడుచు కథ మధ్యలో తెగిపోయింది. పూర్తి వాక్యం రాలేదు, రెండేసి మాటలే వచ్చాయి. తర్వాత ఒక్కొక్కటే. రొప్పులక్క కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఎందుకు... ఒక్కసారిగా?"

"ఒళ్లు ఒక హద్దు దాటింది. లోపల పేరుకున్న బొగ్గుపులుసు వాయువును బయటికి తోసెయ్యాలి కదా, అందుకే ఊపిరి తొందరపడుతోంది. దానికి మాటలతో పనిలేదిక."

రొప్పులక్క ఆశ్చర్యంగా నాడి చూసుకుంది. ఆగిన కాసేపటికే గుండె దిగడం మొదలైంది, ఊపిరి మాత్రం ఇంకా ఎగశ్వాసే. ఆ రొప్పులోనే నవ్వొచ్చింది. మైకుకు వినపడకుండా ఊపిరిని మింగడమే ఇన్నేళ్లూ నేర్చుకుంది. సీనుకి రొప్పు కావలసినప్పుడు, మింగినదాన్ని పక్కన పెట్టి వేరే రొప్పు అతికించింది. ఒంట్లో ఇంత కథ నడుస్తుందని ఏనాడూ చెవి పెట్టి వినలేదు.

మర్నాడు ముందు ఆ అమ్మాయి చెప్పింది. చక్కగా, గట్టిగా రొప్పింది. తర్వాత రొప్పులక్క మైకు ముందు నిలబడింది. గాజులు తీసింది. అలవాటు లేని పని, మెడ మీద వేళ్లు పెట్టింది. గుండె దడదడలాడుతోంది.

తెర మీద కూతురు మెట్ల మొదట్లో ఒక్క క్షణం ఆగి పైకి చూస్తుంది. ఆ క్షణాన్ని ఆవిడ నిన్న ఖాళీగా వదిలేసింది. ఇవాళ తన భయాన్ని మింగలేదు. సన్నగా వణికిన ఓ ఊపిరి మైకులోకి వెళ్లింది. తర్వాత మొదటి మెట్ల మీద రొప్పలేదు, లోతుగా పీల్చింది. సగం దాటాక నోరు తెరిచింది. పైకి చేరేసరికి కెమెరా వెనక నుంచి ఉంది, పెదవులు కనపడవు, మాటలు తగ్గినా తేడా తెలియదు.

"అమ్మా... తీయొద్దు... అన్నయ్య... కాదు."

 దర్శకుడి గొంతు వినిపించింది.

"అక్కా, మొదట్లో ఆ ఊపిరి స్క్రిప్టులో లేదు కదా?"

"లేదు నాయనా. భయమేసింది."

"ఎవరికి? ఆ కూతురికా?"

"ఇద్దరికీ."

అతను ఆ ముక్కను మళ్లీ వేయించుకుని విన్నాడు. "ఇంకో టేక్ వద్దు. ఆ ఊపిరితో సహా ఇదే ఉంచేద్దాం," అన్నాడు.

రొప్పులక్క బయటికొచ్చి వదినకు ఫోన్ చేసింది.

"వదినా, నిన్నటి మెట్ల లెక్క తిరగబడిందేం? ఒక్క మెట్టూ ఎక్కలేదు. ఊపిరి ఎప్పుడో సర్దుకుంది. గుండె మాత్రం ఇంకా పరిగెడుతూనే ఉంది, దిగనంటోంది!"

"సీను నీదేనన్నమాట," అంది వదిన. "మెట్ల దడైతే ఈపాటికి దిగేదే పిచ్చిమొహమా. అది సంతోషం. కాసేపు పరిగెత్తనియ్యి."