మిల్లు వెనక వీధి ఓట్లు

ఆ నియోజకవర్గం బట్టల మిల్లుతోపాటే పుట్టింది. అంతకుముందు అక్కడ బీడు భూమి, ఒక కాలవ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. మిల్లు వచ్చింది, దాని వెంట మనుషులు వచ్చారు, మనుషుల వెంట ఓట్లు వచ్చాయి. చాలాకాలం యజమాని బంధువులే గెలుస్తూ వచ్చారు. పోలింగు రోజు మిల్లు లారీలే జనాన్ని ఎక్కించుకుపోయేవి. ఎక్కించుకొచ్చినవాళ్లకు వెయ్యకపోతే ఏం బాగుంటుందని జనమూ వేసేసేవారు.

ఆ వరస తప్పించినవాడు మగ్గాల మెకానిక్కు ఒకడు. సమ్మె రోజుల్లో గేటు ముందు నిలబడి మాట్లాడితే మైకు అక్కర్లేకుండా మూడు వీధులకు వినబడేది. అందుకే అతనికి సైరన్ అని పేరు పడింది. అసలు పేరు కన్నతల్లి కూడా మరిచిపోయిందని వీధిలో నవ్వుకునేవారు. ఆమెకు అతనెప్పుడూ చిన్నోడే.

అతన్ని ఎన్నికల్లో నిలబెట్టింది మిల్లు వెనక వీధే. అక్క దర్జీ పని చేసేది. గిరాకీల బట్టలన్నీ పక్కన పడేసి తమ్ముడి జెండాలు కుట్టింది. తల్లి గడపగడపకూ తిరిగి, "నిచ్చెన గుర్తు, మావాడే, మరిచిపోకండి" అని చెప్పి వచ్చింది. గెలిచిన రోజు వీధి వీధంతా అతన్ని భుజాల మీద ఊరేగించింది. ఆ తర్వాతి ఎన్నికల్లోనూ గెలిపించింది.

తర్వాత మిల్లు మూతపడింది. దాన్ని మళ్లీ తెరిపించాలని అతను రాజధాని చుట్టూ తిరిగాడు, కాళ్లావేళ్లా పడ్డాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. వీధి మొగలో జనం అతన్ని నిలదీశారు. "ఏరా సైరనూ, మాకోసం ఒక్కసారి అరవలేకపోయావా?" అని నేత పనివాడొకడు మొహం మీదే అన్నాడు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో గాని, అప్పట్నుంచి అతని కారు ఆ వీధిలోకి తిరగడం మానేసింది. తల్లిని చూడాలంటే మనిషిని పంపి, కొత్త కాలనీలోని తన ఇంటికే పిలిపించుకునేవాడు. ఆమెకు చూపు పూర్తిగా పోయాక అదీ తగ్గిపోయింది.

అంతలో నియోజకవర్గాల హద్దులు మారుస్తున్నారని తెలిసింది. మిల్లు వెనక వీధినీ, దాని చుట్టుపక్కల సందులనూ కాలవ అవతలి నియోజకవర్గంలో కలిపేస్తున్నారట. అక్కకు ఒళ్లు మండిపోయింది. వీధిలో ఆడవాళ్లను వెంటేసుకుని అభ్యంతరాలు వినే ఆఫీసుకు వెళ్లింది.

"మా ఎమ్మెల్యే పుట్టి పెరిగిన వీధండీ ఇది! ఆయన్ని ఒక్కమాట అడక్కుండా హద్దు ఎలా గీసేస్తారు?"

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అడక్కపోవడమేంటమ్మా? ఈ మార్పు కావాలన్నది ఆయనే" అన్నాడు మెల్లగా.

అక్కకు వెనకున్న ఆడవాళ్లవైపు తిరిగి చూడటానికి మొహం చెల్లలేదు. అటునుంచి అటే తమ్ముడి ఇంటికి వెళ్లింది.

"నువ్వే అడిగావట, నిజమేనా?"

"కూర్చో అక్కా."

"కూర్చోడానికి రాలేదు."

అతను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "మిల్లు పోయింది నావల్లే అనుకుంటోంది మన వీధి. ఈసారి అక్కడ నాకు ఓట్లు పడవు. ఆ ఓట్లతో కలిపి పోటీ చేస్తే ఓడిపోతాను. ఓడిపోయినవాణ్ణి నేను ఎవరికి మాత్రం ఏం చెయ్యగలను, నువ్వే చెప్పు?"

"కనబడితే నాలుగు తిట్టేవాళ్లు. సొంతవాడివి కాబట్టే తిట్టారు. ఆ మాత్రం పడలేకపోయావట్రా?"

ఆమె గుమ్మం దాటుతుంటే అతను, "అమ్మకి చెప్పకక్కా" అన్నాడు.

"నేనెందుకు చెప్తాను? వచ్చి నువ్వే చెప్పుకో."

అతను రాలేదు. పోలింగు రోజు తల్లి అందరికంటే ముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. "త్వరగా పదవే, ఎండెక్కితే క్యూ పెరిగిపోతుంది" అని తొందరపెట్టింది. అక్క నిజం చెబుదామనుకుంది. చెప్పకుండానే చెయ్యి పట్టుకుని పోలింగు పెట్టిన బడిదాకా నడిపించుకెళ్లింది.

చూపులేని మనిషి కాబట్టి తోడు వెళ్లనిచ్చారు. అట్ట తెర వెనక తల్లి ముద్ర చేతిలో పట్టుకుని, "నిచ్చెన ఎక్కడుందో నా వేలు అక్కడ పెట్టు" అంది.

కాగితం మీద నిచ్చెన ఉంది. దాని పక్కన, తమ్ముడి పార్టీ తరఫున నిలబడ్డ కాలవ అవతలి లారీల యజమాని పేరుంది. తల్లి వేలు అక్కడ పెడితే ఆవిడ సంతోషంగా ఇంటికి వెళ్లిపోతుంది. అక్క ఆ వేలు పట్టుకుని కాగితం దాకా తీసుకొచ్చింది. అప్పటికే ఒక బిడ్డ మోసం చేశాడు. తానూ చెయ్యడానికి మనసు ఒప్పుకోలేదు.

"అమ్మా, నిచ్చెన ఉంది గాని చిన్నోడు లేడు."

"లేడా? నిలబడలేదా?"

"నిలబడ్డాడు. మన వీధిని వేరే దాంట్లో కలిపేశారమ్మా. మన ఓటు వాడికి పడదు." కలపమన్నదెవరో మాత్రం చెప్పలేదు.

"మరి వాడికెవరేస్తారే?" అంది తల్లి కంగారుగా.

"వేసేవాళ్లున్నార్లే అమ్మా."

"మనం వెయ్యకుండానా?"

ఆమె ముద్ర పక్కన పెట్టేసింది. ఖాళీ కాగితాన్నే మడిచి, తడుముకుంటూ పెట్టెలో వేసింది.

అతను గెలిచాడు. ఇంతకుముందెన్నడూ రానంత మెజారిటీతో గెలిచాడు. ఆ వారంలోనే ఒక పొద్దున, కారు రోడ్డు మీదే ఆపి వీధిలోకి నడిచి వచ్చాడు. తిడతారనుకునే సిద్ధపడి వచ్చినట్టున్నాడు. ఎవరూ తిట్టలేదు. ఒకప్పుడు ఏరా అన్న నేత పనివాడు లేచి నిలబడి, "నమస్కారమండీ, బాగున్నారా?" అన్నాడు. అతను తలవంచుకుని ఇంట్లోకి వచ్చాడు.

తల్లి అతని చెయ్యి తడిమి పట్టుకుంది. "నా ఓటు పడలేదురా చిన్నోడా. వెళ్లాను. అక్కడ నువ్వు లేవట. ఏమీ అనుకోకు నాయనా."

అతను అక్కవైపు చూశాడు. ఆమె చెప్పలేదని అర్థమైంది. మంచం పట్టె మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"గెలిచి కూడా ఏడుస్తావేంట్రా పిచ్చి సన్నాసీ" అంటూ తల్లి అతని జుట్టు నిమురుతూ ఉండిపోయింది. నిజం చెప్పడానికి అతనికి మళ్లీ ధైర్యం చాలలేదు. ఆవిడ పోయేదాకా చాలలేదు.

తల్లి పోయాక అతను అక్కను తన దగ్గరికి వచ్చెయ్యమన్నాడు. "ఇక్కడ ఒక్కదానివీ ఏం ఉంటావక్కా? మావైపు వచ్చెయ్యి. నీ ఓటు కూడా అక్కడికే మార్పిస్తాను."

"వచ్చి ఏం చెయ్యనురా? మళ్లీ ఎప్పుడో నువ్వు ఇంకో గీత గీయిస్తే, అప్పుడు నేనెక్కడికి పోను?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే అతను ఏదో ఒకటి చెప్పి బతిమాలేవాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే ఉండి, తర్వాత తలుపు దగ్గరగా వేసుకుని, తల్లి పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.