కొత్తకోడలి గుండె దడ

మొదట్లో లోసలీనకి ఆ దడ ముద్దుగానే ఉండేది. దీవి చివరి వెనిల్లా తోట నుంచి భర్త తేవిత ఇంటికొచ్చే వేళకి, అతని వేళ్లకంటిన తీపి వాసన ఇంకా గుమ్మం దాటకముందే, గుండె ఒక్క క్షణం ఆగినట్టై మళ్లీ గబగబా కొట్టుకునేది.

"నీవల్లే ఇదంతా," అనేది.

"అయితే రోజూ వస్తాలే," అనేవాడు.

పెళ్లయి మూడు నెలలు. నూనెలో వేయించిన వేడి పిండి ఉండని, కేకేని, చెరి సగం చేసుకుని, పెద్ద ముక్క ఎవరికొచ్చిందో తేల్చుకోవడానికే వాళ్లకి సాయంత్రాలు చాలేవి కావు.

ఆమె టీచరు శిక్షణ పూర్తయ్యేదాకా పిల్లలు వద్దనుకున్నారు. క్లినిక్‌లో నర్సు మాత్రలిస్తూ చెప్పింది: "వీటికి గుండె కాస్త దడదడలాడొచ్చు. నెలసరి ముందు ఊరికే కూడా అలా ఉంటుంది, భయపడకు. కానీ కాలు వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా ఆగొద్దు, వెంటనే రా. కాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి పైకి పోతే ప్రాణం మీదికొస్తుంది." లోసలీన తలూపి, మాత్రల అట్టని తేవిత గాలాల పెట్టెలో దాచింది. అత్తగారు ఫాతాయి ఆ పెట్టె ముట్టదు.

ఆ వారం ఊరి ఆడవాళ్లంతా వాళ్లింట్లోనే పెద్ద చాప అల్లుతున్నారు. వరసగా కూర్చుంటే ఎవరి ముందున్న వెడల్పు వారే అల్లాలి. ఒక్కరు లేచినా ఆ చోట అల్లిక వెనకబడి, అందరి చేతులూ ఆగిపోతాయి. అందుకని ఎవరూ లేవరు. పొద్దుటినుంచి మడిచిన కాళ్లు మడిచినట్టే ఉన్నాయి. నిన్నటి నుంచే లోసలీన ఎడమ పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. ఇప్పుడు దడ మొదలైంది. ఇది తేవిత కోసం కొట్టుకునే దడ కాదు. ఆగడం లేదు. ఊపిరి సగంలోనే తెగుతోంది. తెలియకుండానే చెయ్యి గుండె మీదికి పోయింది.

"ఏంటే కొత్తకోడలా, గుండె పట్టుకున్నావ్? మొగుడు తోటలోనే ఉన్నాడులే, ఎక్కడికీ పారిపోడు," అంది పక్కింటి సీసీ.

"ఏం లేదత్తా."

"మొహం చూడండర్రా, ఎలా పాలిపోయిందో! ఫాతాయీ, ఇది అవగానే ఓ బుల్లి చాప మొదలెట్టాలే మనం!"

అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. ఫాతాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందుకేనా కాలు వాచింది, తల్లీ? తేవిత కడుపున పడ్డప్పుడు నాకూ ఇంతే!"

ఎన్నడూ మధ్యలో లేవని మనిషి లేచింది. పూలు వేసి కాచిన కొబ్బరినూనె తెచ్చింది. ఊళ్లో కడుపుతో ఉన్న వాళ్లందరి కాళ్లూ పట్టింది ఆ చేతులే. వెచ్చటి బొటనవేళ్లు పిక్కలోకి దిగగానే లోసలీనకి కళ్లు బైర్లు కమ్మాయి. నర్సు మాటలు గుర్తొచ్చాయి.

"అత్తయ్యా, వద్దు. ఆపండి."

"కాస్త ఓర్చుకోవే." వేళ్లు ఇంకా లోతుగా దిగాయి. సీసీ ప్రేమగా ఆమె భుజాలు పట్టుకుంది.

ఇంతమంది ముందు ఎలా చెప్పడం? వాళ్ల మొహాలు అంత వెలిగిపోతున్నాయి.

"నేను కడుపుతో లేను."

"నీకేం తెలుసే పిల్లా!" అంటూ సీసీ నవ్వింది.

"లేను. పిల్లలు పుట్టకుండా మాత్రలు మింగుతున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ అల్లిక మీదికి వంగాయి. ఫాతాయి బొటనవేలు పిక్కలో నొక్కింది నొక్కినట్టే ఉంది.

"వాడికి తెలుసా?"

"తెలుసు." ఊపిరి కోసం ఆగింది. "గడ్డ కట్టిందేమో అత్తయ్యా... నొక్కితే... పైకి పోతుంది."

ఫాతాయి నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేసింది. వేలు దిగినచోట గుంట అలాగే ఉండిపోయింది, పూడలేదు.

"సీసీ, మీ వ్యాను," అంది. కోడలి వైపు తిరిగి, "నువ్వు లేవకు. అడుగు కూడా వెయ్యకు. మేమే ఎత్తుతాం."

ఆసుపత్రి దారిలో లోసలీన తల అత్తగారి ఒళ్లో ఉంది. ఫాతాయి మాత్రం నూనె చేతుల్ని గాల్లోనే పట్టుకుంది, కోడల్ని ఎక్కడా తాకడం లేదు. లోసలీన గుండె వ్యాను కంటే ముందు పరిగెడుతోంది.

"గట్టిగా నొక్కానా, తల్లీ?" అని అడిగింది.

లేదని చెప్పాలనుకుంది లోసలీన. ఆ ఒక్క మాటకి సరిపడా ఊపిరి దొరకలేదు.